‘ఎలా’ తెలుసు సరే... ‘ఎందుకు’ చెప్పగలరా?

ఫుడ్ టెక్నాలజీ చదివేవాళ్లను చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న: ‘అంటే వంటల కోర్సా?’ రెండోది: ‘క్యాంపస్‌లో ఉద్యోగాలొస్తాయా?’ మూడో ఏడాదికి వచ్చేసరికి ఈ రెండింటికీ జవాబులు కంఠస్థం అయిపోతాయి. అసలు చిక్కంతా మూడో ప్రశ్నతోనే. అది ఎవరో అడిగేది కాదు, రాత్రిపూట మనకు మనమే వేసుకునేది: ‘నాకు ప్లాంటులో షిఫ్టులకంటే క్లాసులో పాఠం చెప్పడం మీదే మనసుంది. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అవ్వాలంటే దారేది? ఇప్పటికే ఆలస్యమైపోయిందా?’

ఈ వారం ఆ మూడో ప్రశ్న సంగతి చూద్దాం. ముందే ఒక మాట. ‘నెట్ ఒక్కటి కొడితే చాలు, లైఫ్ సెటిల్’ అని సీనియర్లు చెప్పేది సగమే నిజం. ‘ఏ నెట్?’ అని వాళ్లను అడిగి చూడండి. అక్కడే తడబడతారు. ఫుడ్ టెక్నాలజీలో బోధన వైపు వెళ్లే దారి పీజీ అయ్యాక మొదలవదు, పీజీలో ఏ కోర్సు తీసుకోవాలో ఎంచుకున్న రోజే మొదలైపోతుంది. ఆ సంగతి తెలియక రెండు మూడేళ్లు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఉబ్బిన డబ్బాలు, ఒక కుర్ర టీచరు

దారుల గురించి మాట్లాడేముందు ఒక కథ. కథంటే కల్పన కాదు, మన సబ్జెక్టు చరిత్రే.

గాజు సీసాల్లో ఆహారం పెట్టి, బిగించి, నీళ్లలో మరిగిస్తే నెలల తరబడి పాడవదని ఫ్రాన్స్‌లో నికొలా అపేర్ కనిపెట్టాడు. 1810లో ఆ పద్ధతిని పుస్తకంగా అచ్చేశాడు. ఎలా చేయాలో ఆయనకు క్షుణ్నంగా తెలుసు. ఎందుకు పనిచేస్తోందో మాత్రం తెలియదు. ఆహారాన్ని పాడుచేసేది కంటికి కనిపించని సూక్ష్మజీవులని లూయీ పాశ్చర్ నిరూపించేసరికి 1860లు వచ్చాయి. అంటే దాదాపు యాభై ఏళ్లపాటు పరిశ్రమ ‘ఎలా’తోనే బండి లాగించింది.

అది చాలదా అంటే, చాలలేదు. 1895లో అమెరికాలోని బోస్టన్‌లో అండర్‌వుడ్ అనే క్యానింగ్ కంపెనీ డబ్బాలు ఉబ్బిపోవడం మొదలెట్టాయి. గంటలకొద్దీ ఉడకబెట్టినా లాభం లేకపోయింది. కంపెనీ కుటుంబానికి చెందిన విలియం అండర్‌వుడ్ నేరుగా ఎంఐటీకి వెళ్లి సాయం అడిగాడు. ఆ పని అప్పుడే డిగ్రీ పూర్తిచేసి అక్కడ చేరిన శామ్యూల్ ప్రెస్కాట్ అనే కుర్రాడి చేతికి వచ్చింది. ఇద్దరూ కలిసి పట్టుకున్న అసలు విషయం: కొన్ని బ్యాక్టీరియా బీజాలు మరిగే నీళ్ల వేడికి చావవు. ఆవిరిని పీడనంతో పట్టి ఇంకా ఎక్కువ వేడి ఇవ్వాలి. ఎంత వేడి, ఎంతసేపు అన్నది లెక్కగట్టాలి.

దీన్ని వాళ్లు పేటెంట్ చేసుకుని దాచుకోలేదు. అచ్చేసి అందరికీ ఇచ్చేశారు. ప్రెస్కాట్ టీచరుగానే ఉండిపోయి ఎంఐటీలో సైన్స్ విభాగానికి డీన్ అయ్యాడు. 1939లో అమెరికాలో ఫుడ్ టెక్నాలజిస్టుల సంస్థ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే.

ఈ కథ ఎందుకంటే, మనలో చాలామంది ఫ్యాక్టరీ ఒక వైపు, క్లాస్‌రూమ్ ఇంకో వైపు అనుకుంటారు. ప్లాంటు ఇష్టంలేనివాళ్లు టీచింగ్‌కి వెళతారని లెక్క. మన సబ్జెక్టు పుట్టుకే దానికి ఎదురు సాక్ష్యం. ప్లాంటులో డబ్బా ఉబ్బింది, కాలేజీలో పాఠం పుట్టింది. ప్లాంటంటే పడనివాళ్లు ఈ సబ్జెక్టులో మంచి టీచరు కావడం కష్టం. ‘ఎలా’ దగ్గర ఆగిపోకుండా ‘ఎందుకు’ దాకా వెళ్లాలనే దురద ఉన్నవాళ్లకే ఈ కుర్చీ సరిపోతుంది.

ఆవకాయ జాడీతో ఒక పీరియడ్

మీలో ఆ దురద ఉందో లేదో ఇప్పుడే చిన్న పరీక్ష పెట్టుకోండి. ఇంట్లో ఆవకాయ ఏడాదంతా ఎందుకు పాడవదు?

‘ఉప్పు వేశాం కాబట్టి’ అంటే పాస్ మార్కులే. టీచరు కావాలనుకునేవాళ్లు ఇంకొంచెం ముందుకెళ్లాలి. ముక్కల తడి తుడిచి ఆరబెట్టడంతో మొదటి అడ్డంకి. ఉప్పు నీటిని పట్టేసుకోవడంతో సూక్ష్మజీవులకు వాడుకోవడానికి నీరు మిగలదు, అది రెండోది. మామిడి పులుపు వల్ల పీహెచ్ 4.6 కన్నా బాగా కిందే ఉంటుంది, బొటులిజం తెచ్చే బ్యాక్టీరియా అక్కడ పెరగలేదు, అది మూడోది. ఆవపిండి ఘాటులో ఉండే రసాయనం సూక్ష్మజీవులను అణచివేస్తుంది. పైన నూనె పొర గాలిని ఆపుతుంది, గాలి లేనిదే బూజు రాదు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా అంత బలమైంది కాదు. అన్నీ వరుసగా నిలబడితేనే సూక్ష్మజీవి దాటలేక చతికిలబడుతుంది. పుస్తకంలో దీని పేరే హర్డిల్ టెక్నాలజీ. ‘తడి గరిటె పెట్టొద్దురా’ అని అమ్మమ్మ ఎందుకు అరిచేదో ఇప్పుడు అర్థమైందిగా! ఆ నాలుగు చుక్కల నీళ్లతో అడ్డంకి ఒకటి అక్కడికక్కడే కూలిపోతుంది.

ఇదే పాఠాన్ని ఇంకో మెట్టు ఎక్కించొచ్చు. మామిడి పల్పుకు మరిగే నీటి వేడి దగ్గరలో ఉంటే సరిపోతుంది. డబ్బాలో పెట్టిన పప్పుకో, మాంసం కూరకో 121 డిగ్రీలు ఎందుకు కావాలి? జవాబు మళ్లీ ఆ 4.6 దగ్గరే ఉంది. పల్పులో పులుపు సగం పని చేసిపెడుతుంది. పప్పులో ఆ సాయం లేదు, పనంతా వేడే చేయాలి.

ఇది చదువుతుంటే ‘అవునా, మరి ఇడ్లీ పిండి ఎందుకు పొంగుతుంది? ఉప్పుడు బియ్యంలో బీ1 విటమిన్ ఎందుకు ఎక్కువ మిగులుతుంది?’ అని మీ బుర్ర తన్నుకుంటోందా? అయితే మిగతాది చదవండి. ‘ఎంత జీతం వస్తుందో చెప్పండి చాలు’ అనిపిస్తే అది కూడా తప్పేం కాదు. దాని సంగతీ కింద ఉంది.

తలుపులు మూడు, తాళాలు వేరు

ఫుడ్ టెక్నాలజీ అన్నది విచిత్రమైన సబ్జెక్టు. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉంటుంది, ఇంజినీరింగ్ కాలేజీలో ఉంటుంది, మామూలు యూనివర్సిటీలో ఎమ్మెస్సీగానూ ఉంటుంది. సిలబస్ దాదాపు ఒకటే. ఉద్యోగ నిబంధనలు మాత్రం మూడు రకాలు. ఇక్కడే ఉంది తిరకాసు.

మొదటి తలుపు వ్యవసాయ విశ్వవిద్యాలయాలది. ఆంధ్రాలో బాపట్ల, పులివెందుల కాలేజీలు, తెలంగాణలో నిజామాబాద్ జిల్లా రుద్రూరు కాలేజీ ఈ కోవలోవి. ఇక్కడ పనికొచ్చేది వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక బోర్డు పెట్టే నెట్. దాన్నే ఏఎస్‌ఆర్‌బీ నెట్ అంటారు. అందులో ఫుడ్ టెక్నాలజీ విడి సబ్జెక్టుగా ఉంది. ఏ పీజీ చేసినవాళ్లు అర్హులో డిగ్రీల పేర్లతో సహా నోటిఫికేషన్‌లో ఇస్తారు. మీ సర్టిఫికెట్ మీదున్న పేరు ఆ జాబితాలో ఉందో లేదో పీజీలో చేరకముందే చూసుకోవాలి. పీజీతోపాటు డిగ్రీ కూడా అదే బ్రాంచిలో ఉండాలని అడిగే నోటిఫికేషన్లూ ఉంటాయి. ఇంకో సంగతి: ఈ నెట్ పాసైతే వచ్చేది బోధనకు అర్హత మాత్రమే, ఫెలోషిప్ రాదు.

రెండో తలుపు ఇంజినీరింగ్ కాలేజీలది. ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం సంబంధిత బ్రాంచిలో బీటెక్, ఎంటెక్ రెండూ ఉండాలి. రెండింటిలో ఏదో ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్ ఉండాలి. చేరడానికి నెట్ అక్కర్లేదు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. మరి ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీ చేసినవాళ్ల సంగతి? ఎంత బాగా చదివినా ఈ తలుపు దగ్గర ఆగిపోతారు. బీఎస్సీ, ఎమ్మెస్సీ దారిలో వచ్చి, బీటెక్ క్లాసులకు చెప్పాలని కలలుకనేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

మూడో తలుపు డిగ్రీ కాలేజీలు, మామూలు యూనివర్సిటీలది. ఇక్కడ యూజీసీ నిబంధనలు నడుస్తాయి. పీజీలో 55 శాతం మార్కులు, దానికి తోడు నెట్ లేదా సెట్, లేదంటే పీహెచ్‌డీ. రిజర్వేషన్ వర్గాలకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంటుంది. అయితే యూజీసీ నెట్‌లో ఫుడ్ టెక్నాలజీ పేరుతో సబ్జెక్టే లేదు! దగ్గరగా ఉన్నది హోమ్ సైన్స్. అందులో ఫుడ్ సైన్స్, పోషకాహారంతోపాటు వస్త్రాలు, కుటుంబ వనరులు, శిశు వికాసం, విస్తరణ విద్య కూడా చదవాలి. రిటార్టులు, హీట్ ఎక్స్ఛేంజర్లు చదివి వచ్చినవాళ్లకు సగం సిలబస్ కొత్తే. అసాధ్యమేం కాదు. కానీ పరీక్షకు నెల ముందు తెలుసుకుంటే మాత్రం గుండె గుభేల్‌మంటుంది.

కాబట్టి వరుస తిరగేయండి. పీజీ చేసి, ఆ తర్వాత ఏ ఉద్యోగానికి పనికొస్తుందో వెతకడం కాదు. ఎక్కడ చెప్పాలనుందో ముందు అనుకుని, అక్కడి పాత నోటిఫికేషన్ ఒకటి తీసి అర్హతల పేజీ చదివి, ఆ తర్వాత పీజీ ఎంచుకోండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి తాజా నోటిఫికేషనే ప్రమాణం, యూట్యూబ్ వీడియో కాదు.

‘తప్పనిసరి కాదు’ అన్న మాటకు అర్థం

2023 జులై నుంచి యూజీసీ ఒక మార్పు తెచ్చింది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరడానికి నెట్, సెట్ చాలు, పీహెచ్‌డీ ఐచ్ఛికం అంది. వార్త రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ‘ఇక పీహెచ్‌డీ తలనొప్పి లేదు’ అని పండగ చేసుకున్నారు.

కాస్త ఆగండి. యూజీసీ 2018 నిబంధనల్లో యూనివర్సిటీ ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో తేల్చే మార్కుల పట్టిక ఉంది. అందులో పీహెచ్‌డీకి 30 మార్కులు. నెట్‌కు 5, జేఆర్‌ఎఫ్‌తో నెట్ అయితే 7, సెట్‌కు 3. పరిశోధన పత్రాలకు గరిష్ఠంగా 10. బోధన అనుభవానికి ఏడాదికి 2 చొప్పున గరిష్ఠంగా 10.

ఒక లెక్క వేద్దాం. ఇద్దరికీ డిగ్రీలోనూ, పీజీలోనూ 60కి పైన, 80కి లోపు శాతాలే ఉన్నాయనుకోండి. డిగ్రీకి 13, పీజీకి 23, నెట్‌కు 5... ఇద్దరికీ 41. వాళ్లలో ఒకరికి పీహెచ్‌డీ ఉంటే 71. ఆ పరిశోధనలోంచి పత్రాలు వస్తే ఇంకా పైకి. ఈ మార్కులు ఇంటర్వ్యూకు పిలవడానికే, అసలు ఎంపిక ఇంటర్వ్యూలోనే జరుగుతుంది. కానీ పిలుపే రాకపోతే ఇంటర్వ్యూ ఎక్కడ? కాగితం మీద పీహెచ్‌డీ తప్పనిసరి కాకపోవచ్చు. క్యూలో ముందు నిలబెట్టేది మాత్రం అదే.

ఇంట్లో చెప్పాల్సిన లెక్కలు

‘ప్లాంటులో ఉద్యోగం వస్తే వదిలేసి మళ్లీ చదువేంట్రా?’ అని నాన్న అడుగుతారు. ‘నాకు ప్యాషన్ ఉంది నాన్నా’ అంటే పని జరగదు. అంకెలు చెప్పండి.

గేట్‌లో ఇంజినీరింగ్ సైన్సెస్ పేపరులో ఫుడ్ టెక్నాలజీ ఒక విభాగంగా ఉంది. గేట్ స్కోరుతో ఏఐసీటీఈ గుర్తింపున్న చోట ఎంటెక్ చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. రెండేళ్లకు కలిపి 2,97,600. హాస్టల్, పుస్తకాల ఖర్చు చాలావరకు గట్టెక్కుతుంది. జేఆర్‌ఎఫ్‌తో పీహెచ్‌డీ చేస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000. ఇంటద్దె భత్యం అదనం. ఊళ్లో చాలామంది చదువంటే ఖర్చనే అనుకుంటారు, ఇక్కడ చదువుకే డబ్బులిస్తారని చెప్పాలి. ఫెలోషిప్ లేకుండా సొంత ఖర్చుతో పీహెచ్‌డీ చేయడం మాత్రం వేరే కథ. అందులో దిగేముందు ఇంటి పరిస్థితి ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఉద్యోగం వచ్చాక? యూజీసీ, ఏఐసీటీఈ స్కేళ్ల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది. డీఏ, ఇంటద్దె భత్యం దానిమీద. ప్రైవేటు కాలేజీలన్నీ ఈ స్కేలు ఇవ్వవు. ఇంటర్వ్యూలో సిగ్గుపడకుండా అడగండి.

ఇప్పుడు కాలం లెక్క. బీటెక్ అయ్యేసరికి 22, ఎంటెక్‌తో 24, పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి 28, 29. ఈలోగా మీ బ్యాచ్‌మేట్లు కారు ఫొటోలు పెడుతుంటారు. పెళ్లి సంబంధాలవాళ్లు ‘అబ్బాయి ఇంకా చదువుతున్నాడా?’ అంటారు. అది నవ్వులాటలా వినిపిస్తుంది కానీ, ఈ దారిలో చాలామంది సగంలో ఆగేది చదువు కష్టమై కాదు, ఈ మాటలకే. ముందే మనసు గట్టిచేసుకోవాలి.

ఆలస్యమైపోయిందా అన్న భయం మాత్రం అక్కర్లేదు. ఏఎస్‌ఆర్‌బీ నెట్‌కు, యూజీసీ నెట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు గరిష్ఠ వయసు లేదు. జేఆర్‌ఎఫ్‌కు మాత్రం వయోపరిమితి ఉంది, మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు అందులో సడలింపు ఉంటుంది.

ఒక మాట అమ్మాయిలకు ప్రత్యేకంగా. ‘టీచింగ్ అయితే ఆడపిల్లకు సేఫ్, సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చేయొచ్చు’ అని చెప్పి ఈ వైపు నెట్టేవాళ్లు ఉంటారు. ప్లాంటులో పనిచేయాలని మీకు ఉంటే ఆ మాటకు లొంగకండి. టీచింగే ఇష్టమైతే, నాలుగింటి కోసం కాకుండా ఇష్టం కోసం రండి. యూజీసీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు నేరుగా బోధన, మొత్తం పని 40 గంటలకు తగ్గకూడదు. పరిశోధన మొదలైతే ఇంక్యుబేటర్‌లో పెట్టిన ప్లేట్లు మీ బస్ టైమ్ చూసి పెరగవు.

గెస్ట్ ఫ్యాకల్టీ: మెట్టా, ఊబా?

రెండు రాష్ట్రాల్లోనూ రెగ్యులర్ పోస్టుల నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి ఆలస్యమవుతూనే ఉన్నాయి. ఈలోగా పీజీ అయినవాళ్లకు ముందు కనిపించేది గెస్ట్ ఫ్యాకల్టీ, కాంట్రాక్టు ఉద్యోగాలే. పీరియడ్‌కింత అని లెక్కగట్టి ఇచ్చే చోట సెలవుల్లో చేతికేమీ రాదు. వచ్చే ఏడాది ఉంటారో లేదో జూన్ దాకా తెలియదు. అదే స్టాఫ్ రూములో, అదే పాఠం చెప్పే ఇద్దరిలో ఒకరికి నెల జీతం, ఇంకొకరికి పీరియడ్ల లెక్క. దీన్ని ఎంత సర్దిచెప్పుకున్నా బాధగానే ఉంటుంది.

అయినా వెళ్లొద్దని చెప్పను. మొదటి ఏడాది గెస్టుగా చెప్పడం వల్ల గొంతు కుదురుతుంది, భయం పోతుంది, సబ్జెక్టులో ఎక్కడ ఖాళీలున్నాయో తెలుస్తుంది. కానీ ముందు చెప్పిన పట్టిక గుర్తుందిగా! ఏడాది అనుభవానికి 2 మార్కులు. ఐదేళ్లు అక్కడే ఉండిపోతే 10. ఆ ఐదేళ్లలో పూర్తిచేయగలిగిన పీహెచ్‌డీకి 30. కాబట్టి చేరే రోజే ఒక గడువు రాసిపెట్టుకోండి: ‘రెండేళ్లలోపు నెట్ గానీ, పీహెచ్‌డీ సీటు గానీ.’ అవి రాకపోతే పరిశ్రమ వైపు వెళ్లండి. గడువు లేని ఎదురుచూపులో వయసొక్కటే కదులుతుంది. అలాగే అనుభవ ధ్రువపత్రం ఏడాదికేడాది తీసుకుని దాచుకోండి. ఐదేళ్ల తర్వాత ఒకేసారి అడిగితే సంతకం పెట్టే మనిషి మారిపోయి ఉంటారు.

ముందు ప్లాంటా, పీజీనా?

‘రెండేళ్లు పనిచేసి అప్పుడు ఎంటెక్‌కి వెళ్తే గ్యాప్ అంటారేమో’ అని చాలామందికి భయం. మన సబ్జెక్టులో అది గ్యాప్ కాదు, పెట్టుబడి.

చిత్తూరులో తోతాపురి సీజన్‌లో పల్పు ఫ్యాక్టరీ ఎలా నడుస్తుందో చూసినవాళ్లు, భీమవరం వైపు రొయ్యల ప్లాంటులో చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే శాంపిల్ తీసినవాళ్లు, పాల డెయిరీలో తెల్లవారుజామున ట్యాంకర్ వెనక్కి పంపాలా వద్దా అని తేల్చినవాళ్లు చెప్పే పాఠం వేరేగా ఉంటుంది. ‘72 డిగ్రీలు, 15 సెకన్లు’ అని ఎవరైనా బోర్డు మీద రాయగలరు. అది 70కి పడితే మెషీన్ పాలను తనంతట తానే వెనక్కి ఎందుకు మళ్లిస్తుందో, ఆ క్షణంలో ఆపరేటర్ ఏం చేస్తాడో చెప్పాలంటే అక్కడ నిలబడి ఉండాలి.

ఇంకో లాభం, పరిశోధనకు అంశం దొరుకుతుంది. గుంటూరు మిర్చిలో అఫ్లటాక్సిన్, నిజామాబాద్ పసుపు ఎండబెట్టడంలో రంగు తగ్గిపోవడం, రైస్ మిల్లు తవుడు త్వరగా కంపు కొట్టడం... ఇవన్నీ మన ఊళ్ల సమస్యలే. గూగుల్‌లో వెతికి తెచ్చిన టాపిక్‌కంటే, చేతులు కాల్చుకుని తెచ్చిన ప్రశ్నతో పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు వెళ్తే అవతలివాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు. అండర్‌వుడ్ డబ్బాలు పట్టుకుని కాలేజీకి వెళ్లినట్టే ఇది కూడా.

అందరూ పనిచేశాకే రావాలని కాదు. డిగ్రీ అవ్వగానే గేట్‌లో మంచి స్కోరు వస్తే దాన్ని వదులుకోవద్దు. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి, ఒక ఏడాది పనిచేసి చేరే వీలు కూడా ఉంది. నేరుగా పీజీలోకి వెళ్లేవాళ్లు ఎండాకాలం ఇంటర్న్‌షిప్‌ను సర్టిఫికెట్ కోసం కాకుండా షిఫ్టు కోసం చేయండి. రాత్రి షిఫ్టు ఒక్కసారైనా చేయండి. తేడాలొచ్చేది అప్పుడే.

నిజంగా ఇష్టమేనా? నెల రోజుల్లో తేల్చుకోండి

ఆరేడేళ్ల దారిలోకి దిగేముందు నెల రోజులు పరీక్ష పెట్టుకోవడం నష్టమేం కాదు. నాలుగు వారాలకు నాలుగు పనులు.

మొదటి వారం: ఫోన్‌ను గోడకు ఆనించి పెట్టి పది నిమిషాల పాఠం రికార్డు చేయండి. పాలు ఎందుకు విరుగుతాయి అన్నదే తీసుకోండి. వెంటనే చూడకండి. మర్నాడు చూసి, ఎక్కడ మీకే అర్థం కాలేదో రాసుకోండి.

రెండో వారం: అదే పాఠం ఇంటర్ చదివే తమ్ముడికో, పక్కింటి అమ్మాయికో తెలుగులో చెప్పండి. మన యూనివర్సిటీల్లో కూర్చునే పిల్లల్లో ఎంతోమంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లే. ‘వాటర్ యాక్టివిటీ’ని ‘సూక్ష్మజీవికి దక్కే నీరు’ అని ఒక్క ముక్కలో చెప్పగలిగితే చివరి బెంచీ కూడా తలెత్తి చూస్తుంది. ఇంగ్లిష్ నిర్వచనం అప్పజెప్పడం టీచింగ్ కాదు.

మూడో వారం: ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ అధ్యాపకులు చెప్పిన ఫుడ్ టెక్నాలజీ కోర్సులు ఉచితంగా ఉన్నాయి. ఒక్క యూనిట్ చూడండి. ఈసారి విద్యార్థిలా కాదు, టీచరులా. ఎక్కడ ఉదాహరణ ఇచ్చారు, ఎక్కడ ఆగారు, మీరైతే ఏం మార్చేవారు?

నాలుగో వారం: మీ కాలేజీలో గెస్టుగా ఉన్న ఒకరితో, రెగ్యులర్‌గా ఉన్న ఒకరితో, పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్న ఒకరితో టీ తాగండి. ‘మళ్లీ మొదటినుంచి అయితే ఇదే దారిలో వస్తారా మేడమ్?’, ‘వస్తారా సార్?’ అని అడగండి. జవాబుకంటే, జవాబుకు ముందు వాళ్లు ఎంతసేపు ఆగారో గమనించండి.

నెల తర్వాత కూడా ఆ పది నిమిషాల పాఠాన్ని ఇంకాస్త బాగా చెప్పాలని చేతులు దురదపెడుతుంటే మీరు ఈ దారి మనిషే. విసుగొస్తే సంతోషంగా ప్లాంటు వైపో, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పరీక్షల వైపో వెళ్లండి. అక్కడ కూడా దేశానికి పనికొచ్చే పనే ఉంది.

పోస్టులు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. అది దాచిపెట్టి ఈ దారి అందంగా చూపించడం మోసం అవుతుంది. కానీ ఒక్క మంచి టీచరు ఏడాదికి అరవై మందిని ప్లాంటుల్లోకి, ల్యాబుల్లోకి పంపుతారు. ఆ అరవై మందీ ట్యాంకర్ వెనక్కి పంపాలా వద్దా అని రేపు ఎక్కడో తేల్చేవాళ్లే. మనింట్లో పిల్లలు తాగే పాలు అక్కడినుంచే వస్తాయి. వాళ్లకు ‘ఎలా’ మాత్రమే తెలిసి పైవాడు చెప్పినట్టు చేస్తారా, ‘ఎందుకు’ కూడా తెలిసి కాదని చెప్పగలరా అన్నది ఆ క్లాస్‌రూములోనే తేలుతుంది.

ఇవాళ రాత్రికి ఒక పని చేయండి. మీకు చెప్పాలనున్న యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పాత నోటిఫికేషన్ ఒకటి డౌన్‌లోడ్ చేసి, అర్హతల పేజీ తెరిచి, మీ సర్టిఫికెట్ పక్కన పెట్టి చూడండి. రెండింటిలోని పేర్లు కలిస్తే, రేపు పొద్దున్నే గోడకు ఫోన్ ఆనించడమే తరువాయి.